నాన్నతో థేమ్స్ ఒడ్డున నడక, ఆపైన వింబుల్డన్: ఎలా కుదుర్చుకోవాలి?

తురహళ్లి_బాట (జేపీ నగర్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది జూన్ ఆఖర్లో నాన్నని వింబుల్డన్‌కి తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాను. ఆయనకి 63. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. టెన్నిస్ అంటే ప్రాణం. 1981లో విజయ్ అమృత్‌రాజ్ క్వార్టర్ ఫైనల్లో కానర్స్ మీద మొదటి రెండు సెట్లూ గెలిచి, తర్వాత మూడూ పోగొట్టుకున్న మ్యాచ్ గురించి ఇప్పటికీ బాధపడుతూనే చెప్తారు. కబ్బన్ పార్కులో ఉన్న కర్ణాటక లాన్ టెన్నిస్ సంఘం (కేఎస్ఎల్‌టీఏ) స్టేడియంలో బెంగళూరు ఓపెన్ జరిగే వారమంతా ఆయన మకాం అక్కడే.

నాకేమో నడక ఇష్టం. వారాంతాల్లో తురహళ్లి అడవిలోనో, రామనగర గుట్టల్లోనో తిరుగుతుంటాను. నాన్న కూడా రోజూ పొద్దున గంటన్నర నడుస్తారు, మోకాళ్లు బాగానే ఉన్నాయి, బీపీకి మాత్ర వేసుకుంటారు. అందుకే ఓ పది రోజులు ఇంగ్లండ్ పల్లెల్లో నడిచి, ఆ తర్వాత టెన్నిస్ చూసి రావాలని ఆశ. సెలవు మూడు వారాలు దొరుకుతుంది. నడక ముందు పెట్టుకోవాలా, టెన్నిస్ ముందా? ఏ దారి మంచిది? అసలు మనలాంటి వాళ్లకి టికెట్లు దొరుకుతాయా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బేస్‌లైన్_బాబాయ్ (మల్లేశ్వరం, బెంగళూరు)

టికెట్ సంగతి ముందు చెప్తానమ్మా. అది తేలితేగానీ మిగతాది తేలదు.

మొదటి దారి పబ్లిక్ బ్యాలట్. ఈ మధ్య ఏళ్లలో సెప్టెంబరులో తెరుస్తున్నారు. వింబుల్డన్ వెబ్‌సైట్లో ఖాతా తెరిచి పేరు ఇవ్వాలి, మన దేశం నుంచీ ఇవ్వచ్చు. అది పూర్తిగా లాటరీ. ఏ రోజు, ఏ కోర్టు అని మనం అడగడానికి లేదు, వాళ్లిచ్చింది తీసుకోవడమే. ఆ టికెట్ ఇంకొకరికి అమ్మడానికీ, ఇవ్వడానికీ వీల్లేదు. ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో కొన్న టికెట్లను గేటు దగ్గర రద్దు చేస్తారు కాబట్టి ఆ జోలికి పోకండి. చట్టబద్ధంగా చేతులు మారేవి డిబెంచర్ సీట్లు, అంటే ముందే పెద్ద మొత్తం కట్టి కొన్నేళ్లకి హక్కు కొనుక్కున్నవాళ్ల సీట్లు మాత్రమే. వాటి ధర వింటే విమాన టికెట్ చవకనిపిస్తుంది.

రెండో దారి క్యూ. పొద్దున లేచి వరసలో నిలబడి, ఆ రోజే మంచి సీటు కొనుక్కునే వీలు ఇప్పటికీ ఉంచిన అతికొద్ది పెద్ద టోర్నీల్లో ఇదొకటి. సెంటర్ కోర్టు, నంబర్ 1, నంబర్ 2 కోర్టులకు ఒక్కోదానికి సుమారు 500 టికెట్లు రోజూ క్యూ వాళ్ల కోసం అట్టేపెడతారు. సెంటర్ కోర్టుకి మాత్రం ఆఖరి నాలుగు రోజులూ ఇవ్వరు. అవి కాక కొన్ని వేల గ్రౌండ్ పాస్‌లు. పాస్ ధర మొదటి వారంలో 30 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. దాంతో నంబర్ 3 నుంచి 18 దాకా ఉన్న కోర్టుల్లో రిజర్వు చేయని సీట్లలో ఎక్కడైనా కూర్చోవచ్చు.

క్యూ వింబుల్డన్ పార్కు గడ్డిమైదానంలో జరుగుతుంది. దిగాల్సిన స్టేషన్ వింబుల్డన్ కాదు, సౌత్‌ఫీల్డ్స్. వెళ్లగానే నంబరు, తేదీ ఉన్న క్యూ కార్డు ఇస్తారు. దాన్ని బయటికి వచ్చేదాకా పారేయకండి. టాయిలెట్‌కో కాఫీకో వెళ్తే అరగంటలో తిరిగి రావాలి. ఒక మనిషికి ఒకటే టికెట్, కాబట్టి నాన్నగారు కూడా వరసలో ఉండాల్సిందే.

నా మాట విని పేరు బ్యాలట్లో వేసి మర్చిపోండి. ప్లాన్ మాత్రం క్యూ మీద కట్టుకోండి. క్యూ అయితే తేదీ మీ చేతిలో ఉంటుంది. వాన పడితే మర్నాడు వెళ్లచ్చు, కాళ్లు నొప్పెడితే ఇంకో రోజు ఆగచ్చు. నడకతో కలిపినప్పుడు ఆ వెసులుబాటు చాలా అవసరం.

గట్టుదారి (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

ఈ ప్రశ్న చూడగానే నాకు చాలా సంతోషం వేసింది. ఉద్యోగరీత్యా రెడింగ్‌లో ఉన్నప్పుడు థేమ్స్ పాత్ ముక్కలుముక్కలుగా మొత్తం నడిచాను, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

థేమ్స్ పాత్ 1996లో నేషనల్ ట్రయల్‌గా, అంటే అధికారికంగా గుర్తించిన దూర నడకదారిగా మొదలైంది. కాట్స్‌వోల్డ్స్‌లో కెంబుల్ అనే ఊరి దగ్గర, నది పుట్టే పొలం నుంచి లండన్‌లో థేమ్స్ బ్యారియర్ దాకా సుమారు 294 కిలోమీటర్లు. మీకు మొత్తం అక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టి రిచ్‌మండ్ దాకా రండి, దాదాపు 165 కిలోమీటర్లు వస్తుంది. ఎత్తుపల్లాలు లేవనే చెప్పాలి. పడవలను గుర్రాలతో లాగించిన కాలంలో వేసిన గట్టుదారి అది, చాలావరకు నీటి పక్కనే పోతుంది. మైలురాళ్లలాంటి కర్ర స్తంభాల మీద ఓక్ కాయ బొమ్మ చెక్కి ఉంటుంది, ఆ బొమ్మ కనిపిస్తున్నంతసేపూ దారి తప్పలేదన్నమాట.

ఇంకో పెద్ద సుఖం రైలు. గోరింగ్, పాంగ్‌బోర్న్, రెడింగ్, హెన్లీ, మార్లో, విండ్సర్, స్టెయిన్స్, హాంప్టన్ కోర్ట్ అన్నిటికీ స్టేషన్లున్నాయి. నాన్నగారు ఏ రోజైనా నడవలేనంటే ఆ రోజు ఆయన రైల్లోనో బస్సులోనో ముందు ఊరికి వెళ్లి కూర్చుంటారు, మీరు నడిచి సాయంత్రానికి కలుస్తారు. కొండ దారుల్లో ఈ సౌకర్యం ఉండదు.

చూడాల్సినవి దారిలోనే ఉన్నాయి. విండ్సర్ దాటాక స్టెయిన్స్ వెళ్తుంటే రన్నీమీడ్ పచ్చికబయలు వస్తుంది, 1215లో మాగ్నా కార్టాకి రాజముద్ర పడింది అక్కడే. హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో రియల్ టెన్నిస్ కోర్టు ఉంది. నాలుగు గోడల మధ్య, వాలు కప్పుల మీద బంతి దొర్లిస్తూ ఆడే పాత ఆట అది. మనం చూసే లాన్ టెన్నిస్ అందులోంచి పుట్టిందే. 17వ శతాబ్దం నాటి ఆ కోర్టులో ఇప్పటికీ ఆడుతున్నారు. వింబుల్డన్‌కి నడిచి వెళ్తూ మధ్యలో అది చూడటం కన్నా మీ నాన్నగారికి ఏం కావాలి చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో చెప్తున్నా. రిచ్‌మండ్‌లో థేమ్స్ పాత్‌ని క్యాపిటల్ రింగ్ అనే ఇంకో నడకదారి కలుస్తుంది. అది లండన్ చుట్టూ 126 కిలోమీటర్లు తిరుగుతుంది. అందులో రిచ్‌మండ్ నుంచి వచ్చే ముక్క జింకలు తిరిగే రిచ్‌మండ్ పార్కు, గాలిమర ఉన్న వింబుల్డన్ కామన్ దాటుకుని సరిగ్గా వింబుల్డన్ పార్కులోనే తేలుతుంది. సుమారు 11 కిలోమీటర్లు. బాబాయ్ గారు చెప్పిన క్యూ నిలబడే పార్కు అదే! ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన నడక బస్సు, రైలు ఎక్కకుండా టోర్నీ గుమ్మం దాకా వెళ్తుంది. నడక ముందు, టెన్నిస్ తర్వాత అనడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

డాక్టరమ్మ (పద్మనాభనగర్, బెంగళూరు)

గట్టుదారి గారి ఉత్సాహం బాగుంది కానీ నేను కాస్త అడ్డం పడతాను. నడక ముందు పెట్టుకుంటే ఏ ఆరో రోజో మడమ మీద బొబ్బ లేచి పగిలిందనుకోండి, నాన్నగారు ఇన్నేళ్లుగా ఎదురుచూసిన వింబుల్డన్‌కి కుంటుకుంటూ వెళ్తారు. క్యూలో గంటల తరబడి ఉండాలి, లోపల కోర్టు నుంచి కోర్టుకి తిరగాలి. ఆయన కోరిక టెన్నిస్ అయినప్పుడు దాన్ని ముందు తీర్చేసి, ఆ తర్వాత ఓపికున్నంత నడవడం మంచిది కదా?

ఒకవేళ నడకే ముందంటే నావి మూడు షరతులు. మధ్యలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. టోర్నీకి ముందు కనీసం రెండు రోజుల ఖాళీ. రాత్రి గుడారం వేసుకుని క్యూలో పడుకోవడం వద్దే వద్దు. జూన్‌లో కూడా అక్కడ తెల్లవారుజామున చలిగా ఉంటుంది, గడ్డి మంచుకి తడిసిపోతుంది, పెద్దాయనకి నిద్ర ఉండదు.

బీపీ మాత్రలు మొత్తం ప్రయాణానికి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే పెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ ఉందని రాయించండి, దాచిపెడితే అవసరానికి డబ్బు రాదు.

బేస్‌లైన్_బాబాయ్

డాక్టరమ్మ గారితో గుడారం విషయంలో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. సెంటర్ కోర్టు కావాలనుకునేవాళ్లకే ముందురోజు రాత్రి పడుకునే అవసరం. పొద్దున ఆరింటికల్లా సిబ్బంది వచ్చి లేపి గుడారాలు విప్పిస్తారు. గ్రౌండ్ పాస్ చాలనుకుంటే తెల్లవారి మొదటి డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో రైల్లో వెళ్లినా సరిపోతుంది. మడత స్టూల్ ఒకటి పట్టుకెళ్లండి. పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉంటే క్యూ చూసుకునే సిబ్బందికి (స్టీవార్డ్‌లకి) చెప్పండి, మర్యాదగా చూసుకుంటారు.

కానీ టెన్నిస్ ముందు, నడక తర్వాత అంటే ఒప్పుకోను. టోర్నీ మొదటి వారం అయ్యాక నడక మొదలుపెడితే మూడు వారాల సెలవులో ఎక్కడ పడుతుంది? పైగా హెన్లీలో అప్పుడే రాయల్ రెగట్టా పడవ పందేలు. జూలై మొదటి వారంలో ఆ ఊళ్లో గది దొరకడం గగనం.

చెన్నై_గ్రాస్‌కోర్ట్ (నుంగంబాక్కం, చెన్నై)

అందరూ థేమ్స్ అంటున్నారు కాబట్టి నేను రెండో వైపు మాట్లాడతాను. సౌత్ డౌన్స్ వే చూడండి. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు. సుద్దరాతి కొండల వీపు మీద దారి, ఒక పక్క లోయల్లో పల్లెలు, ఇంకో పక్క సముద్రం. చివర్లో సెవెన్ సిస్టర్స్ తెల్లటి కొండచరియలు, బీచీ హెడ్. ఆ అందం ముందు నది గట్టు నాకు ఆనదు.

టెన్నిస్ లెక్క కూడా ఇక్కడ బాగా కుదురుతుంది. నడక ముగిసే ఈస్ట్‌బోర్న్‌లో డెవన్‌షైర్ పార్కు ఉంది. వింబుల్డన్‌కి సరిగ్గా ముందు వారం అక్కడ గ్రాస్‌కోర్టు టోర్నీ జరుగుతుంది. నవ్రతిలోవా సింగిల్స్ 11 సార్లు గెలిచిన చోటు. టికెట్లు మామూలుగా ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు, లాటరీల గొడవ లేదు. నుంగంబాక్కం స్టేడియంలో చెన్నై ఓపెన్ జరిగిన రోజుల్లో మేము ఆటగాళ్లని ఎంత దగ్గరగా చూసేవాళ్లమో, అక్కడా అంతే దగ్గరగా చూడచ్చు.

గట్టుదారి

చెన్నై గారూ, సౌత్ డౌన్స్ అందంలో నాకు అభ్యంతరమే లేదు. కానీ రోజూ సాయంత్రం కొండ దిగి ఊళ్లోకి వెళ్లి, మర్నాడు మళ్లీ అదే కొండ ఎక్కాలి. డిచ్లింగ్ బీకన్ ఎత్తు 248 మీటర్లే అయినా, అలాంటివి వరసగా ఎక్కుతూ దిగుతూ ఉంటే 63 ఏళ్ల మోకాళ్లకి దిగడమే కష్టం. నీడ తక్కువ. వాన పడితే సుద్ద నేల జారుతుంది. దారి మీద నీళ్ల కుళాయిలు అక్కడక్కడే. తురహళ్లి గారు ఒక్కరే వెళ్తుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

చెన్నై_గ్రాస్‌కోర్ట్

మోకాళ్ల మాట సబబే. అయితే ఇలా చేయండి. నడక థేమ్స్ మీదే కానివ్వండి. టోర్నీ ముందు శుక్రవారం లండన్ విక్టోరియా నుంచి రైలెక్కితే గంటన్నరలో ఈస్ట్‌బోర్న్. సెమీఫైనల్స్ చూసి రాత్రికి తిరిగి రావచ్చు. ఓపికుంటే పొద్దున్నే వెళ్లి సముద్రం ఒడ్డున కాసేపు తిరగండి. ఇద్దరి కోరికా తీరుతుంది.

అవుటర్_రింగ్ (మారతహళ్లి, బెంగళూరు)

మెల్‌బోర్న్ ఎందుకు ఆలోచించరు? ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి గ్రౌండ్ పాస్ సులువుగా దొరుకుతుంది, గ్రేట్ ఓషన్ వాక్ సముద్రం వెంబడి వంద కిలోమీటర్ల పైన ఉంటుంది.

డాక్టరమ్మ

జనవరి ఎండ. అక్కడ ఎండ మరీ ముదిరిన రోజుల్లో ఆటగాళ్లకే ఆట ఆపేస్తారు. బీపీ ఉన్నాయన్ని ఆ ఎండలో పది రోజులు నడిపించకండి.

తురహళ్లి_బాట

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. క్యాపిటల్ రింగ్ సంగతి నాన్నకి చదివి వినిపించాను. ఆయన వెంటనే మ్యాప్ తెరిపించి రిచ్‌మండ్ నుంచి వింబుల్డన్ పార్కు దాకా వేలు పెట్టి గీశారు. మెల్‌బోర్న్ అయితే వద్దన్నారు, ఆయనకి పచ్చగడ్డే కావాలి.

ఇంకో రెండు సందేహాలు. ఇద్దరమూ శాకాహారులం, పల్లెల్లో తిండి ఎలా? రెండోది, వీపు మీద పెద్ద బ్యాగుతో వింబుల్డన్ లోపలికి రానిస్తారా?

కోరమంగళ_కోడలు (కోరమంగళ, బెంగళూరు)

తిండి సంగతి నన్ను అడగండి. మా అత్తగారితో ఆ పల్లెల్లో తిరిగొచ్చాను, ఆవిడ ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు.

పబ్బుల్లో శాకాహారానికి ఇప్పుడు లోటు లేదు. కానీ వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకే కట్టేస్తారు, మళ్లీ సాయంత్రం ఆరు దాటాకే. నడుచుకుంటూ మూడింటికి చేరితే చిప్స్ ప్యాకెట్ తప్ప ఏమీ దొరకదు. పొద్దున బసలో టోస్టు, బీన్స్, పుట్టగొడుగులు గట్టిగా తినండి. చిన్న ఊరిలోనైనా కోఆప్ లాంటి కొట్టు ఉంటుంది, అక్కడ పెరుగు, పళ్లు, బ్రెడ్ తీసుకుని నది ఒడ్డున బెంచీ మీద తినండి. ఉడకబెట్టిన బంగాళాదుంపని తొక్కతో కోసి పైన చీజ్, బీన్స్ వేసిచ్చే జాకెట్ పొటాటో మీ నాన్నగారికి నచ్చుతుంది, కడుపు నిండుతుంది. మీద కాస్త కందిపొడి చల్లుకున్నారంటే ఇక అడగక్కర్లేదు.

గదుల్లో కరెంటు కెటిల్ ఉంటుంది. అటుకులు, ఉప్మా మిక్స్, పులిహోర పొడి, కందిపొడి పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టుకోకండి. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

లండన్‌లో బస టూటింగ్‌లో చూసుకోండి. వింబుల్డన్‌కి దగ్గర, దక్షిణాది హోటళ్లు వరసగా ఉంటాయి. పది రోజుల శాండ్‌విచ్‌ల తర్వాత వేడి సాంబారుతో దోసె తింటే ప్రాణం లేచొస్తుంది.

బేస్‌లైన్_బాబాయ్

బ్యాగు విషయం. లోపలికి ఒక మనిషికి ఒక చిన్న సంచి మాత్రమే, 40 × 30 × 30 సెంటీమీటర్లు దాటకూడదు. అంతకన్నా పెద్దవి, గుడారాలు బయట లెఫ్ట్ లగేజీలో రుసుము కట్టి పెట్టాలి. అందుకే పెద్ద బ్యాగులు బసలో వదిలి, చిన్న సంచిలో వానకోటు, నీళ్ల సీసా, టోపీ, తినడానికేమైనా పెట్టుకుని వెళ్లండి. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు. ఫోన్‌లో వింబుల్డన్ యాప్, విదేశాల్లో పనిచేసే కార్డు తప్పనిసరి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. టోర్నీ ముందు వారం సోమవారం నుంచి గురువారం దాకా క్వాలిఫయింగ్, అంటే అసలు టోర్నీలో (మెయిన్ డ్రాలో) చోటు కోసం ఆడే అర్హత మ్యాచ్‌లు, లండన్‌లోనే రోహాంప్టన్‌లో జరుగుతాయి. టికెట్ చవక, ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. మనవాళ్లు సింగిల్స్‌లో తరచూ ఆడేది ఆ క్వాలిఫయింగ్‌లోనే. గురువారం ఆఖరి రౌండు, గెలిచినవాళ్లు నేరుగా వింబుల్డన్ మెయిన్ డ్రాలోకి వెళ్తారు. చుట్టూ పెద్ద స్టాండ్లు ఉండవు. కోర్టు అంచున తాడు పక్కనే నిలబడి చూస్తాం, సర్వీస్ చేసేముందు ఆటగాడు తనలో తాను గొణుక్కునేది కూడా వినపడుతుంది. ఏడాది సంపాదన ఆ ఒక్క మ్యాచ్ మీద ఆధారపడినవాళ్లు ఎలా ఆడతారో మీ నాన్నగారికి చూపించండి. సెంటర్ కోర్టులో అది కనిపించదు.

గట్టుదారి

అయ్యో, రోహాంప్టన్ ఎలా మర్చిపోయాను! ఆ మైదానం రిచ్‌మండ్ పార్కు రోహాంప్టన్ గేటుని ఆనుకునే ఉంది. రిచ్‌మండ్‌లో రాత్రి పడుకుని పొద్దున పార్కు అడ్డంగా దాటితే చాలు. జింకల మంద పక్కనుంచే దారి. జూన్ పిల్లలు పెట్టే కాలం కాబట్టి కనీసం 50 మీటర్ల దూరం ఉంచండి.

ఫైలు_మాస్టారు (విజయనగర్, బెంగళూరు)

వీసా గురించి క్లుప్తంగా. మీకు కావాల్సింది స్టాండర్డ్ విజిటర్ వీసా. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకన్నా ముందు కుదరదు. మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. వేలిముద్రలు బెంగళూరులోనే ఇవ్వచ్చు. నాన్నగారి ఖర్చు మీరు పెట్టుకుంటున్నట్టు ఉత్తరం, మీ జీతం స్లిప్పులు, ఆఫీసు సెలవు పత్రం, ఆయన పెన్షన్ కాగితాలు కలిపి పెట్టండి. గదులన్నీ ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతిలోనే తీసుకోండి. ఏ రోజు ఏ ఊరు అనేది ఒక పేజీలో రాసి జతచేయండి. పది ఊళ్లు మారుతున్నారు కాబట్టి అది చూసేవాళ్లకి స్పష్టంగా ఉండాలి.

తురహళ్లి_బాట

ఇదిగో నా చిత్తు ప్లాన్. తప్పులుంటే చెప్పండి.

టోర్నీ మొదలయ్యే సోమవారానికి 17 రోజుల ముందు వచ్చే శుక్రవారం పొద్దున హీత్రోలో దిగుతాం. బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి కోచ్‌లో ఆక్స్‌ఫర్డ్. శనివారం ఊరు చూసి, ఆదివారం నడక మొదలు. ఆ రోజు ఆబింగ్డన్ దాకా 16 కిలోమీటర్లు, సోమవారం వాలింగ్‌ఫర్డ్ దాకా 22, మంగళవారం గోరింగ్ దాకా 12, బుధవారం రెడింగ్ దాకా 18. గురువారం హెన్లీ, శుక్రవారం మార్లో, రెండూ చెరో 15 లోపే. శనివారం మార్లోలో విశ్రాంతి, డాక్టరమ్మ గారి షరతు ప్రకారం. ఆదివారం విండ్సర్ దాకా 23, సోమవారం స్టెయిన్స్, మంగళవారం హాంప్టన్ కోర్ట్, బుధవారం రిచ్‌మండ్. గురువారం రోహాంప్టన్‌లో క్వాలిఫయింగ్. శుక్రవారం ఈస్ట్‌బోర్న్. శని, ఆదివారాలు ఖాళీ. ఆ తర్వాత సోమవారమో మంగళవారమో క్యూ.

గట్టుదారి

బ్రహ్మాండంగా ఉంది, తేదీ ఒకసారి క్యాలెండర్ పెట్టి సరిచూసుకోండి. నడక మొదలయ్యే ఆదివారం టోర్నీ సోమవారానికి 15 రోజుల ముందు పడాలి.

ఈ లెక్కలో ఇంకో మేలు కూడా ఉంది. విండ్సర్ పక్కనే అస్కాట్‌లో రాయల్ అస్కాట్ గుర్రప్పందేలు ఆ మధ్య వారంలోనే, మంగళవారం నుంచి శనివారం దాకా జరుగుతాయి. ఆ రోజుల్లో విండ్సర్‌లో గదులు ఉండవు, ఉన్నా రేట్లు మండిపోతాయి. మీరు ఆదివారం చేరుతున్నారు కాబట్టి గండం గడిచినట్టే. హెన్లీ కూడా రెగట్టాకి ముందే దాటేస్తారు, నది మధ్యలో పందేల కోసం పాతే కర్రలు, ఒడ్డున వేసే గుడారాలు మాత్రం చూస్తారు.

22, 23 కిలోమీటర్ల రోజులు రెండున్నాయి. వాలింగ్‌ఫర్డ్‌కి రైలు లేదు, కానీ ఆ దారిలో బస్సులుంటాయి, నాన్నగారిని సగం నుంచి ఎక్కించచ్చు. సామాన్లు ఒక బస నుంచి ఇంకో బసకి వ్యానులో చేర్చే సర్వీసులున్నాయి. ఈ ఒక్క ఖర్చుకి వెనకాడకండి, పెద్దాయన వీపు మీద నీళ్ల సీసా తప్ప ఇంకేమీ ఉండకూడదు. బయలుదేరే ముందు నేషనల్ ట్రయల్స్ వెబ్‌సైట్లో దారి మళ్లింపులు చూసుకోండి. వంతెన మరమ్మతులకి అక్కడక్కడా మూసేస్తుంటారు.

డాక్టరమ్మ

విశ్రాంతి రోజు, చివర రెండు రోజుల ఖాళీ రెండూ పెట్టారు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఇక సాధన. రోజూ గంటన్నర లాల్‌బాగ్‌లో నడవడం వేరు, వరసగా రెండు రోజులు అయిదారు గంటలు నడవడం వేరు. జనవరి నుంచి నెలకోసారైనా శని, ఆదివారాలు రెండు రోజులూ కలిపి నడిపించండి. శనివారం పదిహేను కిలోమీటర్లు నడిచాక ఆదివారం పొద్దున మంచం దిగేటప్పుడు మడమ ఎలా ఉందో అడగండి, అసలు పరీక్ష అదే. బూట్లు అక్కడికెళ్లి కొత్తవి వేసుకోకూడదు, మూడు నాలుగు నెలలు ఇక్కడే అరగాలి. సైజు కొంచెం పెద్దది తీసుకోండి, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది.

తురహళ్లి_బాట

తప్పకుండా. శనివారం నాన్నతో డెకాథ్లాన్ వెళ్తున్నాం బూట్లకి. ఒక్క ప్రశ్న ఆయనది, ఆయన మాటల్లోనే: గ్రౌండ్ పాస్ చేతికొచ్చాక మొదట ఏ కోర్టుకి వెళ్లాలి?

బేస్‌లైన్_బాబాయ్

అన్నగారికి నమస్కారం చెప్పండి. 11 గంటలకి బయటి కోర్టుల్లో ఆట మొదలవుతుంది, సెంటర్ కోర్టులో మధ్యాహ్నం ఒకటిన్నరకి. ఆ రెండున్నర గంటలూ గ్రౌండ్ పాస్ వాళ్ల రాజ్యం. ఏ కోర్టులో ఎవరి మ్యాచ్ అనే పట్టిక (ఆర్డర్ ఆఫ్ ప్లే) ముందురోజు సాయంత్రమే యాప్‌లో వచ్చేస్తుంది, క్యూలో కూర్చుని మీరిద్దరూ గుర్తులు పెట్టుకోండి.

నన్నడిగితే ముందు 18వ కోర్టు. 2010లో ఇస్నర్, మహూ 11 గంటల 5 నిమిషాలు ఆడి, అయిదో సెట్టు 70-68తో ముగించింది అక్కడే. కాసేపు చూశాక అక్కడే అతుక్కుపోకండి, పెద్ద పేర్లు లేని చిన్న కోర్టుకి వెళ్లి మొదటి వరసలో బేస్‌లైన్ వెనక కూర్చోండి. ఆ గడ్డి మొత్తం రై గ్రాస్, 8 మిల్లీమీటర్లకి కత్తిరిస్తారు. మొదటి రోజుల్లో బేస్‌లైన్ దగ్గర కూడా పచ్చగా ఉంటుంది, బంతి జారినట్టు వచ్చి తక్కువ ఎత్తులో లేస్తుంది. వారం గడిచేసరికి అక్కడ నేల తేలి బంతి పోకడ మారుతుంది. అందుకే సోమవారమో మంగళవారమో వెళ్లమంటున్నాను.

మధ్యాహ్నం దాటాక యాప్‌లో రీసేల్ చూస్తూ ఉండండి. సెంటర్ కోర్టు లాంటి పెద్ద కోర్టుల నుంచి ముందే వెళ్లిపోయినవాళ్ల సీట్లు తక్కువ ధరకి ఇస్తారు, ఆ డబ్బు దాతృత్వానికి పోతుంది. ఎండ అక్కడ రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది కాబట్టి సాయంత్రం అయిదింటికి సెంటర్ కోర్టులో సీటు దొరికినా ఇంకా మ్యాచ్‌లు మిగిలే ఉంటాయి. అన్నగారు అలిసిపోతే గడ్డి గట్టు మీద పెద్ద తెర ముందు కూర్చోబెట్టి మీరు యాప్‌లో రీసేల్ చూస్తూ ఉండండి. వచ్చాక ఏ మ్యాచ్ చూశారో ఇక్కడే రాయండి.